కృష్ణలో కలపని పటం

ఎస్సై రాంబాబు మోటార్‌సైకిల్ దిగి నేరుగా షాపులోకి రాలేదు. బయట గోడకి ఆనించిన పటాలను ఒక్కొక్కటే చూశాడు. ఒక పెళ్ళి ఫొటో, ఒక రిటైర్మెంటు సన్మానపత్రం, మక్కా, శివపార్వతులు. తర్వాత లోపలికొచ్చాడు.

"సిరాజ్ గారంటే మీరేనా?"

"నేనేనండి. కూర్చోండి."

"కూర్చుంటే టీ అంటారు. ముందిది చూడండి. ఈ గోడ మీదేనా?"

ఫోన్లో ఉన్న గోడ సిరాజ్ ఇంటిదే. గోడంతా గాజు మీద గీసిన దేవుళ్ళ పటాలు. మధ్యలో వెన్నకుండ పట్టుకున్న బాలకృష్ణుడు. పటం కింది మూల నుంచి ఆ పిల్లవాడి మోకాలి దాకా గాజు పగిలి ఉంది. సిరాజ్ కూతురు అర్ఫా ఆన్‌లైన్లో పెట్టిన ఫొటో అది. ఆమె ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. ఫొటో కింద, 'మా దాదాజీ పటాలు. ఎవరు గీశారో, ఎక్కడ గీశారో ఎవరికీ తెలియదు' అని రాసింది.

"మాదేనండి," అన్నాడు సిరాజ్.

"పక్కన కుక్కర్ కూడా పడింది. పాప ఫొటోలు తీసేటప్పుడు కాస్త చూసుకోమనండి." రాంబాబు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఉయ్యూరు అవతల ఒక భజన మందిరం ఉంది. 1996లో అక్కడ అయిదు గాజు పటాలు పోయాయి. ఈ కృష్ణుడు వాటిలో ఒకటని కమిటీ ప్రెసిడెంటు అంటున్నాడు. వెంకటసుబ్బారావని. నోటిమాట కాదు, పాత గ్రూప్ ఫొటో తెచ్చాడు. భజన చేసేవాళ్ళ వెనక గోడకి ఇదే పటం ఉంది. పగులొక్కటే లేదు."

సిరాజ్ చేతిలోని గాజు కోసే కలం బల్ల మీద పెట్టాడు.

"మీ నాన్నగారు అప్పట్లో సైకిల్ మీద ఆ ఊళ్ళు తిరిగేవారంట గదా?"

"తిరిగేవారండి. పాత పటాలు బాగుచేసేవారు."

"ప్రెసిడెంటు గారికి ఆ సైకిలు కూడా గుర్తుంది. ఆ రోజు వాళ్ళింట్లో ఏం కూరో అడిగినా చెప్పేలా ఉన్నాడు." రాంబాబు నవ్వలేదు. "రేపు పొద్దున పటం, పెద్దాయన, ఇద్దర్నీ స్టేషన్‌కి తీసుకురండి. ఎవరిచ్చారో చెబితే ఆ మనిషిని పిలుస్తాను. చెప్పకపోతే ఆయన పేరే రాయాలి. ఆ వయసులో ఆయన్ని లోపల కూర్చోబెట్టడం నాకేం సరదా కాదు. కానీ రాయాలి."

విజయవాడ వన్ టౌన్‌లో పటాలు కట్టే ప్రతి షాపుకీ తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. దేవుడి పటం పాతబడినా, చెదలు పట్టినా, గాజు పగిలినా ఎవరూ దాన్ని చెత్తలో వెయ్యరు. తువ్వాల్లో చుట్టి పటాల షాపుకి తెస్తారు. తెచ్చినవాళ్ళు ఒకే మాట చెబుతారు: గాజు, చట్రం మీరుంచుకోండి, దేవుణ్ణి కృష్ణలో కలపండి. షాపువాడు మేకులు తీసి కాగితాన్ని వేరు చేస్తాడు. వీలు చూసుకుని ఘాట్‌కి తీసుకెళ్ళి నీళ్ళలో వదులుతాడు. గాజు తుడిచి మరో పటానికి వాడుకుంటాడు. ఎవరి దేవుణ్ణి ఎందుకు పంపేస్తున్నారని అడగడు. ఫలానావాళ్ళు పంపేశారని ఎవరికీ చెప్పడు.

సిరాజ్ తండ్రి ఇష్తియాక్ షాపు పెట్టిన నాటి నుంచీ ఈ పని చేశాడు. కాగితం పటాలన్నీ కృష్ణలో కలిపాడు. అప్పుడప్పుడు వచ్చే మరో రకం పటాలతోనే చిక్కు వచ్చింది. వాటిలో కాగితం లేదు. బొమ్మ గాజు వెనక వైపు రంగులతో గీసి ఉంటుంది. గాజు షాపుది, దేవుడు కృష్ణకి అన్న లెక్క ఆ పటాల దగ్గర తెగదు. ఇష్తియాక్ వాటిని ఇంటికి తీసుకెళ్ళాడు. వాటిని ఎవరు గీశారో అతనికీ తెలియదు. బందరు రేవులో దిగిన పనివాళ్ళని కొందరూ, నాటకాల తెరలు గీసినవాళ్ళని కొందరూ అనేవారు. ఏ పటం మీదా పేరు లేదు.

సిరాజ్ షట్టరు దించి, వెనక సందులో ఉన్న ఇంటికి వెళ్ళాడు.

సిరాజ్ భార్య అన్వరీ కథంతా విని, ముందు గోడ వైపు, తర్వాత భర్త వైపు చూసింది. "పెళ్ళయి వచ్చిన రోజే అడిగాను, ఇన్ని పటాలు మనింట్లో ఎందుకని. నీకెందుకు, దుమ్ము తుడువు అన్నారు. తుడిచాను. ఇప్పుడు పోలీసులు నా కుక్కర్ కూడా చూశారు."

"నేను తీసేస్తాను ఆ పోస్టు," అంది అర్ఫా.

"ఇప్పుడు తీస్తే ఇంకా అనుమానం," అన్నాడు సిరాజ్. మంచం దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. "అబ్బాజీ, ఈ కృష్ణుణ్ణి ఎవరిచ్చారు?"

ఇష్తియాక్ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. చెవులు బాగానే పనిచేస్తాయి.

"ఒకామె ఇచ్చింది."

"ఏ ఊరామె?"

"ఊరు చెబితే ఆమెని చెప్పినట్టే."

"రేపు మిమ్మల్ని దొంగ అని రాస్తారు."

"రాయనీ. నేను తియ్యలేదుగా."

"రాశాక తీసినట్టే అబ్బాజీ. పేపర్లో వస్తుంది. షాపు మీద మీ పేరుంది. రేపట్నుంచి ఎవడు పటం తెస్తాడు మనకి?"

"తాను ఇచ్చినట్టు ఎవరికీ తెలియకూడదంది. సరేనన్నాను."

"ఎందుకని అడగలేదా?"

"నువ్వు అడుగుతావా ఎవర్నయినా?"

 సిరాజ్ కూడా ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు.

"దాదాజీ, అది దొంగసొత్తని మీకు తెలుసా?" అంది అర్ఫా.

"తెలీదు బేటా. మందిరం లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదు. పగిలిన పటం. ఇంట్లో ఉంచకూడదు కాబట్టి ఇస్తోందనుకున్నాను." కాళ్ళు మంచం కిందికి దించాడు. "ఆమెని అడక్కుండా ఆమె పేరు చెప్పను. బతికుందో లేదో కూడా తెలీదు. కారు మాట్లాడు సిరాజ్. అడిగొద్దాం."

కారు బందరు రోడ్డు మీద పటమట దాటింది. కంకిపాడు దగ్గర ఇష్తియాక్ ఆమె పేరు చెప్పాడు. సీతారావమ్మ. ఉయ్యూరులో చేనేత బట్టల వ్యాపారం చేసేవాళ్ళ ఇల్లు. అప్పుడు పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టి మాట్లాడింది. పటం పాత చీరలో చుట్టి ఉంది. భర్త షాపులో ఉన్నప్పుడే వెళ్ళిపొమ్మంది. ఆ తర్వాత ఒకసారి ఆ వీధిలో కనబడితే, కలిపారా అని అడిగింది. తను తలూపాడు.

"పేరు నీకు చెప్పాను," అన్నాడు ఇష్తియాక్. "ఇల్లు వెతకాలి కాబట్టి. స్టేషన్లో నీ నోట రాకూడదు."

"మిమ్మల్ని తీసుకెళ్ళిపోతుంటే కూడానా?"

"కూడా."

చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైంది. ఉయ్యూరు సెంటర్లో చెరకు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. కారు వదిలేసి నడిచారు. ఇంటి ముందు గదిలో ఇప్పుడు 'రేణుక హ్యాండ్లూమ్స్' అని బోర్డుంది. రేణుక సీతారావమ్మ కోడలు. చీరలు మడతపెడుతోంది.

"పటాల సాయిబునమ్మా. పెద్దమ్మగారున్నారా?" అన్నాడు ఇష్తియాక్.

"పటాలేం లేవండి కట్టించడానికి. ఇప్పుడన్నీ ఆన్‌లైన్లో కట్టేసే వస్తున్నాయి."

"పటం కోసం కాదమ్మా. ఒకసారి చూసి పోదామని."

లోపలి నుంచి ఒక గొంతు అడిగింది. "సైకిలేది సాయిబుగారూ?"

సీతారావమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఇష్తియాక్ కంటే నాలుగైదేళ్ళు చిన్న.

"అమ్మేశానమ్మా. మోకాళ్ళు ఒప్పుకోలేదు."

"నావీ అంతే. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. "మీరు చెప్పిన పని నేను చెయ్యలేదమ్మా."

"ఏ పని?" అంది. తర్వాత ఆమె కోడలి వైపు చూసింది. "రేణుకా, నువ్వెళ్ళి లెక్క చూసుకో."

"ఇక్కడే చూసుకుంటాను అత్తయ్యా," అంది రేణుక.

సీతారావమ్మ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. "కలిపానన్నారుగా?"

"తలూపాను."

"తలూపడమంటే చెప్పడం కాదా?"

"చెప్పడమేనమ్మా."

"ఎందుకు కలపలేదు?"

"కాగితమైతే కలిపేవాణ్ణి. అది గాజు మీదే ఉంది. అలాగే వేస్తే నీళ్ళ అడుగున పడుంటుంది, స్నానానికి దిగినవాళ్ళ కాళ్ళ కింద. రంగు గీకేసి, ఆ పొడి కలుపుదామని కత్తి తీశాను. ఆ పటాలు వెనక నుంచి గీస్తారు. ముందు కళ్ళు గీస్తారు, ఆ తర్వాత ఒళ్ళు, ఆ తర్వాత బట్టలు, చివర్న ఆకాశం. మనం గీకితే ఆకాశం ముందు పోతుంది. కళ్ళు చివరిదాకా మనల్ని చూస్తుంటాయి. ఓ మూల గీకాను. ఇక చెయ్యి రాలేదు."

 సిరాజ్ ఇక ఆగలేకపోయాడు. ఫొటో సంగతి, మందిరం సంగతి, రేపు పొద్దున స్టేషన్ సంగతి చెప్పాడు.

రేణుక చేతిలో చీర బల్ల మీద పెట్టింది. "ఇప్పుడర్థమైంది. పోయిన మా మామగారి పేరు ఇరికిద్దామని వచ్చారు. ఆ దొంగతనం మీద కంప్లైంటిచ్చిందే ఆయన, తెలుసా? అప్పటి ధర్మకర్త. మందిరం ఆర్చి మీద చూడండి, అంకమ్మరావు అని ఈ చివర్నుంచి ఆ చివరికి ఉంటుంది."

సిరాజ్‌కి ఆ మాట కొత్త. తండ్రి వైపు చూశాడు. తండ్రికీ కొత్తేనని ముఖం చూస్తే తెలిసింది. పటం పెరటి గుమ్మంలోంచి ఎందుకు వచ్చిందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"ఆయన పేరు నేనెత్తలేదమ్మా," అన్నాడు ఇష్తియాక్ రేణుకతో. సీతారావమ్మ వైపు తిరిగాడు. "అమ్మగారిచ్చారు అని చెప్పొచ్చా అని అడగడానికొచ్చాను. వద్దంటే చెప్పను."

"అబ్బాజీ..." అన్నాడు సిరాజ్. ఇష్తియాక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రెండు పుష్కరాలకి విజయవాడ వచ్చాను," అంది సీతారావమ్మ. "రెండుసార్లూ ఆ నీళ్ళలో మునిగి ఆ దేవుడికే దణ్ణం పెట్టాను. ఇక్కడే ఉన్నావు కదా, తప్పు కాయి అని. అప్పుడు మీ గోడకి ఉన్నాడన్నమాట."

"అవునమ్మా."

"మీ ఇంట్లోవాళ్ళు అన్నం వండుకుంటుంటే చూస్తా ఉన్నాడు."

"అవునమ్మా."

"వెళ్ళండి."

"చెప్పొచ్చా అమ్మా?"

"వెళ్ళండి సాయిబుగారూ."

రేణుక వాళ్ళ వెనకే వచ్చి గాజు తలుపు వేసింది.

తిరుగు దారిలో సిరాజ్ అన్నాడు, "ఆమె వద్దనలేదు."

"సరేననీ అనలేదు."

"అబ్బాజీ, దొంగ ఎవరో ఇప్పుడు మనకి తెలుసు. పోయిన మనిషి. ఆయన్నేం చేస్తారు? మీరు బతికున్నారు."

"ఆమె కూడా బతికుందిగా," అన్నాడు ఇష్తియాక్. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోలేదు.

మర్నాడు పటం దించడానికి సిరాజ్ స్టూలెక్కాడు. అన్వరీ కింద నుంచి అందుకుంది. దుప్పటిలో రెండు చుట్లు చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నారు. ఇష్తియాక్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మందుల కవరు అర్ఫా ఆయన జేబులో పెట్టింది. ఎన్ని రోజులకి సరిపడా పెట్టావని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

స్టేషన్‌లో గోడ వారగా ఉన్న బెంచీ మీద సీతారావమ్మ కూర్చుని ఉంది. పక్కన కమిటీ ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు. ఆయన ఆమెకి మంచినీళ్ళ సీసా మూత తీసి ఇస్తున్నాడు. రేణుక గుమ్మం బయట ఫోన్లో మాట్లాడుతోంది. సిరాజ్‌ని చూసి అటు తిరిగింది.

మందిరం వాళ్ళు ఆమెను తమ వైపు తెచ్చుకున్నారనుకున్నాడు సిరాజ్. పాత ధర్మకర్త భార్య. ఆమె ఒక్క మాట తెలియదంటే చాలు.

రాంబాబు దుప్పటి విప్పించాడు. వెంకటసుబ్బారావు లేచి వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "ఇదేనండి. మా బాలకృష్ణుడే. చిన్నప్పుడు నేను ఈ పటం కిందే కూర్చుని తాళాలు వాయించాను."

"పగులు?"

"దొంగచేతిలో పడ్డాక పగలదా మరి?" అని ఇష్తియాక్‌ని చూశాడు.

రాంబాబు ఇష్తియాక్‌కి కుర్చీ చూపించాడు. "చెప్పండి పెద్దాయనా. మీకెక్కడిది?"

"కృష్ణలో కలపమని ఒకామె ఇచ్చిందండి."

"పేరు?"

"చెప్పనండి."

"చెప్పనంటే నేనేం రాసుకోవాలి? పేరు చెప్పలేదంటే పేరు లేదని అర్థం. అర్థమవుతోందా?"

"అవుతోందండి."

రాంబాబు సిరాజ్ వైపు చూశాడు. "మీరు చెప్పండి. ఇంట్లో ఎప్పుడైనా అనుంటారు గదా."

సిరాజ్ నోరు తెరిచాడు. బెంచీ అయిదడుగుల దూరంలో ఉంది. పేరు నాలుక మీదే ఉంది. తండ్రి అతని వైపు చూడటం లేదు, బల్ల మీద పటాన్ని చూస్తున్నాడు. సిరాజ్ నోరు మూసుకున్నాడు.

"సరే." రాంబాబు పెన్ను తీశాడు. రాయబోతూ ఆగి, బెంచీ వైపు పెన్నుతో చూపించాడు. "ఈవిడ పొద్దున్నే వచ్చారు. మాట్లాడమంటే, మీరొచ్చాకే మాట్లాడతానన్నారు. ఈవిడ మీకు తెలుసా?"

ఇష్తియాక్ తల తిప్పి చూశాడు. సీతారావమ్మ ఆయన్ని చూడలేదు.

"తెలీదండి," అన్నాడు.

"అబద్ధం చెబుతున్నాడు," అంది సీతారావమ్మ.

వెంకటసుబ్బారావు సగం లేచాడు. సిరాజ్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆయనకి అబద్ధాలు అలవాటే. నేనాయనకి బాగా తెలుసు. ఆ పటం నేనే ఇచ్చాను."

గుమ్మం దగ్గర రేణుక ఫోన్ చెవి మీద నుంచి తీసింది. "అత్తయ్యా, బీపీ టాబ్లెట్ వేసుకోలేదు మీరు. సార్, ఆవిడకి..."

"వేసుకున్నాను. నువ్వే ఇచ్చావు," అంది సీతారావమ్మ.

రాంబాబు కొత్త కాగితం తీసుకున్నాడు. "మీకెక్కడిదమ్మా?"

"మా అటక మీద గోనెసంచిలో ఉండేది. అయిదూ అక్కడే ఉండేవి. నాలుగు మద్రాసు వెళ్ళాయి. దించేటప్పుడు ఇది పగిలింది, కొనేవాళ్ళు వద్దన్నారు. మళ్ళీ అటకెక్కించారు. రెండేళ్ళు దాని కిందే పడుకున్నాను. ఇక నా వల్ల కాక ఈయన్ని పిలిచాను."

"ఎవరు అటకెక్కించారు?"

"మా ఆయన."

వెంకటసుబ్బారావు కళ్ళద్దాలు తీసేశాడు. "అమ్మా, కంప్లైంటు రాసిందే అంకమ్మరావు గారు కదమ్మా. నేను పక్కనే ఉన్నాను."

"ఆయన దస్తూరీ బాగుంటుందని మీరే ఆయన చేత రాయించారు సుబ్బారావు గారూ. ఆయన ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నారు. నాకే పట్టలేదు నిద్ర."

"ఆర్చి మీద పేరు..." అన్నాడు వెంకటసుబ్బారావు.

"అది మీ కమిటీ చూసుకోండి."

రాంబాబు రాసుకుంటూ పోయాడు. రాసింది చదివి వినిపించాడు. సీతారావమ్మ విని, సంతకం పెట్టలేదు.

"ఒకటి రాయలేదు మీరు. కృష్ణలో కలుపుతానని చెప్పి కలపలేదు. కలిపారా అని అడిగితే తలూపాడు. అది రాయండి."

"దానికీ కేసుకీ సంబంధం లేదమ్మా. పెద్దాయన దొంగ కాదని మీరు చెప్పారు, చాలు."

"దొంగ కాదు. అది రాశారుగా. మాట తప్పాడు. అది కూడా రాస్తేనే సంతకం పెడతాను."

రాంబాబు ఇష్తియాక్ వైపు చూశాడు.

"రాయండి సార్," అన్నాడు ఇష్తియాక్. "నిజమే."

రాంబాబు కింద ఇంకో వాక్యం చేర్చి మళ్ళీ చదివాడు. సీతారావమ్మ సంతకం పెట్టింది. ఇష్తియాక్ వాంగ్మూలంలో కూడా అదే వాక్యం వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం చదివి, దాని కింద సంతకం చేశాడు. పిలిచినప్పుడు రావాలని రాంబాబు ఇద్దరికీ చెప్పాడు. పటాన్ని కోర్టుకి పంపాక మందిరానికి ఇస్తారా ఇవ్వరా అని వెంకటసుబ్బారావు అడిగాడు కానీ, ఆ అడగడంలో ఇందాకటి ఊపు లేదు.

బయట రేణుక ఆటో ఆపింది. అత్తగారి చెయ్యి పట్టుకోలేదు. సీతారావమ్మ తనంతట తనే మెట్లు దిగింది. చివరి మెట్టు మీద ఆగింది.

"మీ గోడ మీద ఇంకా ఉన్నాయంటగా. ఎస్సై గారు ఫోన్లో చూపించారు. వాటివాళ్ళకీ ఇలాగే తలూపారా?"

"ఊపానమ్మా," అన్నాడు ఇష్తియాక్.

"వాళ్ళూ నాలాగే నీళ్ళకి దణ్ణాలు పెట్టుకుంటున్నారు కాబోలు. బతికున్నవాళ్ళకి చెప్పండి."

ఆటో వెళ్ళిపోయింది. సిరాజ్ తండ్రి భుజం కింద చెయ్యి వేశాడు. ఇంటికి ఫోన్ చేసి, అర్ఫాతో రెండే మాటలు చెప్పాడు: వస్తున్నాం, ఇద్దరం.

ఇష్తియాక్ మాత్రం ఇంటి వైపు తిరగలేదు. "పసుపు కొట్ల వీధిలో చౌడేశ్వరమ్మ గారు ఉన్నారుగా? ఆవిడ లక్ష్మీదేవి మన తలుపు పక్కన ఉంది."

"ఇప్పుడే ఎందుకు అబ్బాజీ? ఇంటికెళ్ళి పడుకోండి. రేపు చూద్దాం."

"ఇందాక రాసింది సాయంత్రానికి వన్ టౌన్ అంతా తెలుస్తుంది. ఆవిడకి వేరేవాళ్ళ నోట తెలియకూడదు."

"తిడతారు."

"తిట్టనీ."

"పటం తిరిగిచ్చెయ్యమంటే?"

"ఇద్దాం. మళ్ళీ కలపమంటే..." ఇష్తియాక్ ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఆ పటం రంగు గీకడం తన వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. ఎదురుగా బస్తాల బండి అడ్డం వస్తే ఆగి, అది పోయాక, కొడుకు చెయ్యి పట్టుకుని పసుపు కొట్ల వైపు రోడ్డు దాటాడు.